కొత్త కార్లలో సీడీ ప్లేయర్ లేకపోవడం గురించి

ఈ రోజుల్లో ఏ కొత్త కారులో కూర్చున్నా డ్యాష్‌బోర్డు మధ్యలో వెడల్పాటి తెర కనిపిస్తుంది గానీ, డిస్కును లోపలికి తీసుకునే సన్నని సందు మాత్రం దాదాపుగా ఎక్కడా కనిపించదు. ఈ మార్పు ఒక్కరోజులో రాలేదు. మొదట ఆరు డిస్కులు పట్టే ఛేంజర్ పోయి ఒక్క డిస్కు పట్టే ప్లేయర్ మిగిలింది. కొన్ని కార్లలో అది గ్లవ్ బాక్సులోకో, సీట్ల మధ్యనున్న పెట్టెలోకో తరలిపోయింది. ఆ తరువాత అదనంగా డబ్బు కడితేనే అమర్చే వస్తువైంది. చివరకు కొనేవారి చేతికిచ్చే ఫీచర్ల పట్టికలో ఆ వరుసే లేకుండా పోయింది. సీడీలు కొని దాచుకోవడం, ప్రయాణాల్లో వాటినే వినడం నాకు అలవాటు కాబట్టి ఈ విషయం గురించి చాలాకాలంగా ఆలోచిస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. సీడీ ప్లేయర్‌ను తీసివేయడానికి తయారీదారులకు ఉన్న కారణాల్లో చాలావరకు న్యాయమైనవే. దాంతో ధ్వని నాణ్యత దెబ్బతిన్నదన్న ఫిర్యాదులో, కనీసం కారు వరకు, అంత పస లేదు. అయితే సీడీ ప్లేయర్ ఉన్న కారు మరో పరికరంతో గానీ, నెట్‌వర్కుతో గానీ, ఏ సంస్థ అనుమతితో గానీ పని లేకుండా, మనం కొనుక్కున్న సంగీతాన్ని తనంతట తాను వినిపించగలిగేది. ఆ స్వతంత్రతను తీసేసి, దాని స్థానంలో అంత నమ్మకమైనది మరొకటి ఇవ్వలేదన్నదే నా బాధ.

రేడియోలో ఎవరో వేసింది కాకుండా తనకు నచ్చింది కారులో వినాలన్న కోరిక సీడీతో పుట్టలేదు. 1956లో క్రైస్లర్ సంస్థ తన కార్లలో డ్యాష్‌బోర్డు కింద చిన్న రికార్డు ప్లేయర్‌ను అమర్చి, దానికోసం చాలా నెమ్మదిగా తిరిగే ప్రత్యేకమైన రికార్డులను తయారు చేయించింది. అది నమ్మకంగా పనిచేయకపోవడం వల్ల, రికార్డులు కూడా తక్కువగా దొరకడం వల్ల ఆ ప్రయత్నం కొన్నేళ్లలోనే ముగిసింది. 1965లో ఫోర్డ్ తన కొత్త మోడళ్లలో ఎయిట్‌ట్రాక్ అనే, క్యాసెట్టు కన్నా పెద్ద డబ్బాలో ఉండే టేపును తెచ్చింది. తరువాత క్యాసెట్టు వచ్చి కార్లలో స్థిరపడింది. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి రూపొందించిన సీడీ 1982 అక్టోబరులో జపాన్‌లో మార్కెట్లోకి రాగా, 1984 నాటికే పయనీర్, సోనీ కార్ల కోసం సీడీ ప్లేయర్లను విడుదల చేశాయి. అయినా క్యాసెట్టు వెంటనే పోలేదు. రెండూ పక్కపక్కనే ఉన్న కార్లు చాలాకాలం వచ్చాయి. అమెరికాలో కర్మాగారం నుంచే క్యాసెట్ ప్లేయర్‌తో వచ్చిన చివరి కారుగా 2010 నాటి లెక్సస్ ఎస్‌సీ 430ని చెబుతారు. అంటే ఇంట్లో ఉన్న క్యాసెట్లను వదులుకోవడానికి శ్రోతలకు పాతికేళ్లకు పైగా గడువు దొరికింది.

సీడీని కారులో పనిచేయించడం ఎంత కష్టమో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ యంత్రాన్ని పాతబడిన వస్తువుగా తోసిపుచ్చేవారు దానిలోని పనితనాన్ని గమనించినట్టు నాకనిపించదు. పన్నెండు సెంటీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఆ పలక మీద సమాచారం ఒకే సర్పిలాకారపు దారిలో, లోపలి అంచు నుంచి బయటికి సాగుతుంది. ఆ దారిలో ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం 1.6 మైక్రాన్లు మాత్రమే. దాన్ని విప్పి సాగదీస్తే అయిదు కిలోమీటర్లకు పైగా వస్తుంది. 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ లేజర్ కిరణం ఆ దారి మీది సూక్ష్మమైన గుంటలను చదువుతుంది. చదివే వేగం ఎప్పుడూ ఒకేలా ఉండాలి కాబట్టి డిస్కు లోపలి భాగాన్ని చదివేటప్పుడు నిమిషానికి సుమారు 500 చుట్లు, బయటి అంచుకు చేరేసరికి సుమారు 200 చుట్లు తిరుగుతుంది. కిరణాన్ని కేంద్రీకరించే చిన్న కటకం డిస్కును ఎక్కడా తాకదు. విద్యుదయస్కాంత చుట్టల సాయంతో, తిరిగే డిస్కు ఎంత ఊగితే తానూ అంత పైకీ కిందికీ, పక్కలకూ కదులుతూ ఆ దారిని వదలకుండా పట్టుకుంటుంది.

ఇంట్లో అల్మరా మీద కదలకుండా ఉన్న ప్లేయర్‌కే ఇది సున్నితమైన పని. అలాంటిది గతుకుల రోడ్డు మీద, ఎండలో నిలిపి ఉంచిన కారు వేడిలో, దుమ్ములో, ఇంజను అదురుపాటులో చేయించడం నడుస్తున్న బండిలో కూర్చుని సూదిలో దారం ఎక్కించడం లాంటిది. అందుకోసం ఇంజినీర్లు చదివే భాగాన్నంతటినీ స్ప్రింగుల మీద, కుదుపును మింగే మెత్తని ఆధారాల మీద వేలాడదీశారు. తరువాతి తరం ప్లేయర్లలో కొన్ని క్షణాల సంగీతాన్ని ముందుగానే చదివి మెమరీలో ఉంచుకునే ఏర్పాటు చేశారు. కటకం దారి తప్పి తిరిగి అందుకునేలోపు ఆ నిల్వ నుంచి పాట కొనసాగుతుంది. డిస్కు మీద సమాచారాన్ని రాసిన పద్ధతే మరింత దూరం ఆలోచించినది. పక్కపక్కన ఉండవలసిన అంకెలను విడదీసి దూరదూరంగా చల్లి, వాటికి సరిచూసుకునే అంకెలను జతచేయడం వల్ల, దారి వెంట దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల మేర గీత పడినా పోయిన సమాచారాన్ని లెక్కగట్టి పూర్తిగా తిరిగి రాబట్టవచ్చు. ఇదంతా తెలిసిన తరువాత, వంతెన అతుకుల మీదుగా కారు వెళుతున్నా ఒక్క స్వరం కూడా తడబడని ప్లేయర్ పట్ల నాకున్న గౌరవం మరింత పెరిగింది.

అయినా అది ఎందుకు పోయిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. అమెరికాలో 2000 సంవత్సరంలో 94 కోట్లకు పైగా సీడీలు మార్కెట్లోకి వెళ్లాయి. 2020 నాటికి ఆ సంఖ్య సుమారు 3 కోట్ల 16 లక్షలకు పడిపోయింది. 2001లో ఐపాడ్ వచ్చింది. 2004లో బీఎండబ్ల్యూ దాన్ని కారు స్టీరియోకు నేరుగా కలిపే సదుపాయాన్ని ఇచ్చింది. ఆక్స్ సాకెట్టు, యూఎస్‌బీ పోర్టు, బ్లూటూత్ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 2011లోనే ఫోర్డ్ యూరప్‌లో కొత్త ఫోకస్ కార్ల నుంచి ఛేంజర్‌ను తప్పిస్తున్నట్టు చెప్పింది. ఫోనులోని యాప్‌లను కారు తెర మీద చూపించే ఏర్పాట్లుగా 2014లో ఆపిల్ వారి కార్‌ప్లే, ఆ మరుసటి ఏడాది గూగుల్ వారి ఆండ్రాయిడ్ ఆటో వచ్చాక కారు తెర మీద కనిపించేది ఫోను తెరే అయింది. వందమంది కొనుగోలుదారుల్లో కొద్దిమంది మాత్రమే వాడే భాగం కోసం ప్రతి కారులో మోటారు, కటకం, లేజర్, డిస్కును లాక్కునే చక్రాలు పెట్టడం తయారీదారుకు భారమే. కదిలే భాగాలు ఉన్న ప్రతిదీ ఏదో ఒకనాడు చెడిపోతుంది. వారంటీలో ఉండగా చెడిపోతే ఆ ఖర్చు వారిదే.

డబ్బు కన్నా స్థలమే అసలు కారణమని నా నమ్మకం. పాత కార్లలో స్టీరియోకు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న ప్రామాణికమైన చోటు ఉండేది; దాని వెనుక పన్నెండు సెంటీమీటర్ల డిస్కు పూర్తిగా దూరేంత లోతు కూడా ఉండేది. తెర వచ్చి ఆ లెక్కను మార్చేసింది. అమెరికాలో 2018 మే నుంచి తయారైన తేలికపాటి వాహనాలన్నింటికీ వెనుక దృశ్యాన్ని చూపించే కెమెరా తప్పనిసరి అయింది. ఆ దృశ్యాన్ని ఎక్కడో చూపించాలి కాబట్టి చవకైన మోడళ్లకు కూడా తెర అవసరమైంది. డ్యాష్‌బోర్డు మధ్యలో కంటికీ చేతికీ అందే చోటు ఒక్కటే. అది తెరకు దక్కింది. పిల్లలు వెనుక ఉన్నప్పుడు కనబడక జరిగే ప్రమాదాలను తగ్గించడానికి వచ్చిన ఆ నిబంధనను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అందుకే సీడీ ప్లేయర్‌ను దాని పాత స్థానంలోనే తిరిగి పెట్టమని నేను అడగడం లేదు.

ధ్వని నాణ్యత విషయంలో కూడా నిజాయితీగా ఉండాలి. సీడీలో సెకనుకు 44,100 నమూనాలు (ధ్వని కొలతలు), ఒక్కో నమూనాకు 16 బిట్లు, రెండు ఛానళ్లు ఉంటాయి. అంటే సెకనుకు దాదాపు 1,411 కిలోబిట్లు. బ్లూటూత్ మీదుగా వెళ్లేటప్పుడు సంగీతాన్ని సాధారణంగా అందులో నాలుగోవంతు కన్నా తక్కువ పరిమాణానికి కుదిస్తారు. కాగితం మీద ఈ తేడా పెద్దదిగా కనిపిస్తుంది. కానీ వేగంగా వెళుతున్న కారులో టైర్ల రొద, గాలి హోరు ఎంత ఉంటాయంటే, సీడీలోని అతి మెల్లని స్వరాలు ఎలాగూ వాటి కింద మునిగిపోతాయి. కారు ఆపి, అద్దాలు మూసి, మంచి స్పీకర్లతో వింటే తేడా తెలియవచ్చు. ప్రయాణంలో ఎక్కువమందికి తెలియదు, నాకూ ఎప్పుడో గానీ తెలియదు. సీడీ తరఫున మాట్లాడేవారు ఈ వాదనతో మొదలుపెడితే అసలు విషయం పక్కకు పోతుంది.

అసలు విషయం కాలానికి నిలవడం. 1982లో ముద్రించిన డిస్కును మూడు దశాబ్దాల తరువాత తయారైన కారులో పెడితే పాడింది. మొదటి కారు ప్లేయర్ ఇప్పటికీ నడిచే స్థితిలో ఉంటే, నిన్న ముద్రించిన సీడీని కూడా పాడుతుంది. మధ్యలో ఎవరూ ఏ అప్‌డేటూ పంపనక్కరలేదు. ఇప్పుడు దాని స్థానంలో వచ్చినవాటిని చూడండి. 2000ల మధ్యలో ఎంతో గొప్పగా అమ్మిన ఐపాడ్ తీగల చివర 30 పిన్నుల కనెక్టరు ఉండేది. 2012లో ఆపిల్ తన ఫోన్లలో దాన్ని లైట్నింగ్‌గా మార్చింది, 2023లో లైట్నింగ్‌ను యూఎస్‌బీ-సీగా మార్చింది. ఆ కారు మాత్రం అదే తీగతో అక్కడే ఉంది. అమెరికాలో 2022లో 3జీ నెట్‌వర్కులను మూసివేసినప్పుడు వాటి మీద ఆధారపడిన పాత కార్లలో అనేక కనెక్టెడ్ సేవలు ఆగిపోయాయి. ఫోను తెరే మనకు శాశ్వత పరిష్కారమని అనుకుంటే, 2023లో జనరల్ మోటార్స్ తన రాబోయే విద్యుత్ కార్లలో కార్‌ప్లేనూ, ఆండ్రాయిడ్ ఆటోనూ ఇవ్వబోమని ప్రకటించింది. కారు పదిహేనేళ్లు నడిచే వస్తువు. దానిలోని సంగీతం మాత్రం మూడు నాలుగేళ్లకు మారిపోయే పరికరాల మీద, ఎప్పుడైనా మారగల వ్యాపార నిర్ణయాల మీద ఆధారపడేలా చేశారు. సీడీ ప్లేయర్‌లో లేని బలహీనత ఇది.

రెండోది సొంతం కావడం. డిస్కును కొన్నాక దాన్ని ఎన్నిసార్లు విన్నా, ఎవరికి ఇచ్చినా, ఎన్నేళ్లు దాచుకున్నా అడిగేవారు లేరు. స్ట్రీమింగ్‌లో మనం కొనేది ఏదీ ఉండదు. చందా కట్టినంతకాలం, ఆ సంస్థకూ హక్కుదారులకూ ఒప్పందం ఉన్నంతకాలం వింటాం. 2022 జనవరిలో గాయకుడు నీల్ యంగ్ స్ట్రీమింగ్ సంస్థ స్పాటిఫైతో విభేదించినప్పుడు ఆయన పాటలు అందులో లేకుండా పోయాయి. అవి తిరిగి రావడానికి 2024 దాకా పట్టింది. ఆయనకు ఆ హక్కు ఉంది, ఆయన నిర్ణయంతో నాకు పేచీ లేదు. కానీ ఆయన డిస్కు చేతిలో ఉన్న శ్రోతకు ఆ రెండేళ్లలో ఏ లోటూ కలగలేదన్నది గమనించాలి. డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు ఉన్నాయి కదా అంటారు. అదే స్పాటిఫైలో డౌన్‌లోడ్లు నిలిచి ఉండాలంటే కనీసం 30 రోజులకొకసారి ఇంటర్నెట్‌కు కలవాలి. వీటికి తోడు, స్ట్రీమింగ్‌లో ఎప్పటికీ దొరకనివి చాలా ఉన్నాయి: కచేరీ ముగిశాక కళాకారులు వేదిక పక్కనే అమ్మిన డిస్కులు, మూతపడిన చిన్న సంస్థలు విడుదల చేసినవి, భాషా పాఠాలు, పిల్లల కథలు, కుటుంబంలో పెద్దవారి గొంతుతో ఇంట్లోనే రికార్డు చేసుకున్నవి.

ఇంకొకటి చెప్పాలి, ఇది సాంకేతిక విషయం కాకపోయినా నాకు చాలా ముఖ్యమైనది. డిస్కు కారులో ఉండేది, ఒకరి జేబులో ఉండేది కాదు. బండి ఎవరు నడిపినా, తాళం తిప్పగానే నిన్న ఆగిన చోటి నుంచి పాట మళ్లీ మొదలయ్యేది. ఇప్పుడు కారులో నలుగురు కూర్చుంటే ఎవరి ఫోను కలవాలన్నది మొదటి ప్రశ్న. అది తేలాక కూడా పాట మధ్యలో ఫోను మోగుతుంది, ఎవరికో వచ్చిన సందేశం తెర మీద అందరికీ కనిపిస్తుంది, మలుపు వచ్చినప్పుడల్లా మ్యాపు గొంతు అడ్డు వస్తుంది. సీడీకి ఒక హద్దు ఉండడం కూడా మేలే చేసింది. డెబ్బై నిమిషాలకు అటూ ఇటూగా ఉండే ఒక సంపుటిని, అంటే ఆల్బమ్‌ను, కళాకారుడు ఏ వరుసలో పేర్చాడో ఆ వరుసలోనే మొదటి నుంచి చివరి దాకా వినడానికి దూరప్రయాణం సరిగ్గా సరిపోయేది. బండి నడుపుతూ డిస్కు మార్చడం సులభం కాదు, సురక్షితం అంతకన్నా కాదు. కాబట్టి మొదటిసారి నచ్చని పాటను కూడా వినేవాళ్లం. నాకు బాగా ఇష్టమైన పాటల్లో కొన్ని అలా మూడో నాలుగో సారి విన్నాకే దగ్గరయ్యాయి. ఫోనులో ఒక పాటను దాటడానికి వేలు కదిపితే చాలు, కాబట్టి అంత ఓపిక పట్టే అవసరమే ఇప్పుడు కలగదు.

అమెరికాలో 2021లో మార్కెట్లోకి వెళ్లిన సీడీల సంఖ్య 2004 తరువాత మొదటిసారి పెరిగింది. దాన్ని చూసి సీడీ ప్లేయర్లు కార్లలోకి తిరిగి వస్తాయని నేను ఆశ పెట్టుకోవడం లేదు. తయారీదారులను నేను కోరేది అంతకన్నా చిన్నది: ఫోనూ, ఖాతా, నెట్‌వర్కూ లేకుండా కారు తనంతట తాను పాడగలిగే దారి ఒక్కటైనా ఉంచండి. ఆ దారి ఇప్పటికి యూఎస్‌బీ పోర్టు. పెన్‌డ్రైవ్‌లోని పాటలను చదివే సాఫ్ట్‌వేర్‌కు డ్యాష్‌బోర్డులో వేరే స్థలం అక్కరలేదు, కదిలే భాగాలూ ఉండవు, ఖర్చు కూడా నామమాత్రం. అలాంటప్పుడు కొన్ని కొత్త కార్లలో యూఎస్‌బీ పోర్టులను కేవలం ఛార్జింగ్ కోసమే ఇస్తుండడానికి నాకు న్యాయమైన కారణం కనిపించదు.

సీడీలు దాచుకున్నవారు కారు కొనేముందు చేయవలసిన పని ఒకటుంది. ఒక సంపుటిని కాపీ చేసిన పెన్‌డ్రైవ్‌ను వెంట తీసుకువెళ్లి, టెస్ట్ డ్రైవ్‌లో పెట్టి వినండి. అమ్మేవారి మాటను గానీ, కరపత్రంలోని యూఎస్‌బీ గుర్తును గానీ నమ్ముకోవద్దు. పెన్‌డ్రైవ్‌ను ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేస్తే ఎక్కువ స్టీరియోలు గుర్తిస్తాయి. నాలుగు విషయాలు చూడాలి. సంగీతంలో ఏమీ పోకుండా కుదించే ఎఫ్ఎల్ఏసీ ఫైళ్లను పాడుతుందా లేక ఎంపీ3లే పాడుతుందా. పాటలను సంపుటి వరుసలో ఉంచుతుందా లేక అక్షరక్రమంలోకి మారుస్తుందా. ఒక పాట నుంచి మరో పాటకు ఆగకుండా సాగే కచేరీ రికార్డింగులో మధ్యలో ఖాళీ వస్తుందా. కారు ఆపి మళ్లీ నడిపినప్పుడు ఆగిన చోటి నుంచి మొదలవుతుందా. కొన్ని స్టీరియోలు ఫైళ్లను పేర్ల ప్రకారం కాకుండా డ్రైవ్‌లోకి కాపీ అయిన క్రమంలో పాడతాయి. కాబట్టి ప్రతి ఫైలు పేరుకు ముందు 01, 02 అని అంకె పెట్టి, అదే వరుసలో కాపీ చేయడం మంచిది. కంప్యూటర్ కోసం అమ్మే యూఎస్‌బీ సీడీ డ్రైవ్‌ను నేరుగా కారుకు కలిపితే చాలా స్టీరియోలు దాన్ని గుర్తించవు. దాన్ని పెన్‌డ్రైవ్‌లాగా కనిపించేలా చేసే ప్రత్యేకమైన ప్లేయర్లు దొరుకుతాయి గానీ, వాటిని కూడా ఆ కారులో పరీక్షించాకే కొనాలి.

డిస్కులను కాపీ చేసేటప్పుడు తొందరపడవద్దు. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి ప్రోగ్రామ్ గీతలు పడిన చోట్లను మళ్లీ మళ్లీ చదివి, వచ్చిన ఫలితాన్ని అదే డిస్కును కాపీ చేసిన ఇతరుల ఫలితాలతో పోల్చి చూపుతుంది. ఎఫ్ఎల్ఏసీగా కుదిస్తే సంగీతంలో ఏమీ పోకుండానే పరిమాణం దాదాపు సగానికి తగ్గుతుంది. 64 గిగాబైట్ల పెన్‌డ్రైవ్‌లో వందకు పైగా సంపుటాలు పడతాయి. ముద్రించిన డిస్కుల కన్నా ముందు ఇంట్లో రాసుకున్న సీడీ-ఆర్‌లను కాపీ చేయండి. వాటిలో సమాచారాన్ని నిలిపే రంగు పూత వేడికీ ఎండకూ త్వరగా పాడవుతుంది. ఏళ్ల తరబడి కారులోనే ఉండిపోయిన వాటికైతే ఆ ప్రమాదం మరీ ఎక్కువ.